నిద్ర తర్వాతి వరస

"కాగితాలేవమ్మా?"

మంచం కింద చాప ఉంది. చాప మీద దిండు ఉంది. నిన్న చదువుతూ ఆపిన చోట గుర్తుగా పెట్టిన జడపిన్ను కూడా దిండు పక్కనే ఉంది. కాగితాల కట్ట మాత్రం లేదు.

తల్లి నేల మీద కూర్చుని మంచం కోళ్ళ చుట్టూ వెతికింది. పరుపు కింద చెయ్యి పెట్టి చూసింది. పైన కూతురు బోర్లా పడుకుని ఉంది. ఆ మంచానికి తలవైపు వడ్రంగి చేత గుండ్రంగా కంత కోయించారు. కంత చుట్టూ మెత్త కుట్టి, అందులో ముఖం ఆనించి, నేలకేసి చూస్తూ పడుకోవాలి. కంటి వెనక పొర ఊడిపోతే ఆపరేషన్ చేసి లోపల గాలిబుడగ పెట్టారు. బుడగ పైకి తేలి ఆ పొరను అదిమి ఉంచాలంటే ముఖం కిందికే ఉండాలి. చదవకూడదు. చూపు వరసల వెంట పరుగెత్తకూడదన్నాడు డాక్టరు.

అందుకే తల్లి కింద కూర్చుని చదువుతోంది. కూతురు వింటోంది.

"దొరికాయా?"

"ఇక్కడే పెట్టానే!"

"వాటికేమైనా కాళ్ళొచ్చాయా?"

"కాళ్ళు రాలేదు. చేతులున్నవాళ్ళు ఇంట్లో ఉన్నారు" అంది తల్లి, హాల్లోకి వినపడేలా.

హాల్లో టీ కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడయింది.

నిన్న సాయంత్రం తండ్రి కూతురి ఆఫీసుకు ఫోన్ చేసి, "మా అమ్మాయి ఇక రాదండీ, ఆ సీటు ఖాళీ అనుకోండి" అని చెప్పేసినప్పటి నుంచి భార్యాభర్తల మధ్య మాటల్లేవు. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో ఆయన తల్లి ఉంది.

"అత్తయ్యా, కాగితాలు ఎవరు తీశారో మీ అబ్బాయిని అడగండి."

"ఒరేయ్, కాగితాలు ఎవరు తీశారని అడుగుతోందిరా."

"వినపడింది."

"వినపడిందటమ్మా."

"వినపడినవాళ్ళు జవాబు కూడా చెబుతారేమో కనుక్కోండి."

బామ్మ చేతికర్ర నేలకేసి కొట్టింది. "ఇన్నాళ్ళూ నాకు మోకాళ్ళ నొప్పులొక్కటే అనుకున్నాను. ఇప్పుడీ టెలిఫోన్ ఉద్యోగం కూడానా? ఇద్దరికీ నోళ్ళున్నాయి కదర్రా!"

"షాపులో ఉన్నాయి" అన్నారాయన కప్పుతో చెబుతున్నట్టు. "తెల్లారకముందే వెళ్ళి అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను."

గదిలోంచి కూతురి గొంతు గట్టిగా వచ్చింది. ముఖం మెత్తలో ఉండటం వల్ల అది నేలను తాకి తిరిగొచ్చినట్టుగా ఉంటుంది.

"నాన్నా! సాయంత్రం ఆఫీసు నుంచి నిదానం సార్ ఫోన్ చేస్తారు. నేనేం చెప్పను?"

"ఒంట్లో బాగోలేదని చెప్పు. అది నిజమే కదా?"

"నేను చదవట్లేదు నాన్నా. అమ్మ చదువుతోంది. నేను ఊరికే వింటున్నాను."

"ఊరికే వినడం నీకు చేతనవునా గువ్వా? విన్నదాన్నల్లా లోపల బొమ్మ కట్టుకుని చూస్తుంటావు. మూసిన రెప్ప కింద గుడ్డు కదుల్తూనే ఉంటుంది. నేను కళ్ళ మధ్య బతికినవాణ్ణి. నాకు చెప్పకు."

ఆ ఊళ్ళో సగంమంది ముక్కుల మీద ఉన్న అద్దాలు ఆయన కొలిచి ఇచ్చినవే. కళ్ళ గురించి ఆయన ఒక మాటంటే ఎవరూ ఎదురు చెప్పరు. అయినా ఇది ఆయన చూసి అన్న మాట కాదు. బోర్లా పడుకున్నవాళ్ళ కళ్ళు చూడాలంటే నేల మీద వెల్లకిలా పడుకుని చూడాలి. ఆపరేషన్ అయినప్పటి నుంచి, ఇద్దరూ నిద్రలో ఉండగా కాగితాలు తీసుకెళ్ళినప్పుడు తప్ప, ఆయన ఆ గది గుమ్మం దాటి లోపలికి రాలేదు.

తల్లి చాప సర్దుతూ ఒకసారి గుమ్మం వైపు చూసింది.

గువ్వ పనిచేసే కంపెనీ బస్సు స్టేషన్లలో టికెట్లిచ్చే మెషిన్లు తయారు చేస్తుంది. మెషిన్ లోపల అన్ని పనులకూ వంతులు వేసే ప్రోగ్రామును కెర్నల్ అంటారు. కౌంటరు అడిగినా, ప్రింటరు అడిగినా, తెర అడిగినా, ఎవరికి ఎప్పుడు ఏది ఇవ్వాలో చూసుకునేది అదే. ఆ టీములో చేరి గువ్వకు ఏడాది కూడా కాలేదు. చేరిన దగ్గర్నుంచీ ఒకటే తలనొప్పి. ఎప్పుడో ఒకసారి, రద్దీ బాగా ఉన్నప్పుడు, ఒకరి టికెట్టు సగం దాకా అచ్చయి మిగతా సగంలో ఇంకొకరిది వస్తోంది. ఒక పెద్దాయన తన పేరుతో బయల్దేరి, ఇంకెవరో ఆవిడ ఊరికి చేరాల్సినట్టుగా టికెట్టు పట్టుకుని కౌంటరు దగ్గర గోల చేశాడట.

టీము పెద్దను అందరూ నిదానం సార్ అంటారు. ఏది అడిగినా ముందు "నిదానంగా" అంటాడు కాబట్టి. ఆయనే ఈ పాత కెర్నల్ కాగితాలిచ్చాడు. "ఇప్పటి కెర్నల్ ఒక మహానగరం. అందులో తిరిగితే దారి తప్పడం తప్ప ఏమీ రాదు. ముందు ఈ పాత ఇల్లు చూడు. గుమ్మంలో నిలబడితే పెరటి తలుపు కనపడుతుంది. ఇల్లు ఎలా కడతారో తెలిశాక ఊళ్ళోకి వెళ్దువుగాని" అన్నాడట.

ఆ పాత ఇంట్లో గువ్వ ఇంకా వసారాలో ఉండగానే కన్ను ఇలా అయింది.

ఆ ఇంట్లోకి తల్లి ఆమె వెంట నడిచింది. మొదట్లో అన్నీ అక్షరం అక్షరం చదివేది. "బ్రాకెట్ తెరిచారు, బ్రాకెట్ మూశారు, సెమికోలన్" అంటూ మంత్రం చదివినట్టు సాగేది. చదివింది చరిత్ర డిగ్రీ అయినా, ఏ రాతనైనా ఓపిగ్గా చదివితే ఎక్కడో ఒకచోట అర్థం తలుపు తీస్తుందని ఆవిడ నమ్మకం. ఒకరోజు తలుపు తెరుచుకుంది.

అది ఒక పనిని పక్కన పెట్టి ఇంకో పనిని అందుకునే చోటు. ఒకరు పని మధ్యలో నిద్రపోతారు. వాళ్ళ చేతిలో ఏముంది, ఎక్కడిదాకా వచ్చారు, తర్వాత ఏం చెయ్యాలి అన్నవన్నీ జాగ్రత్తగా సర్ది పెట్టి, ఇంకొకరిని లేపి వాళ్ళవి వాళ్ళ చేతికిస్తుంది కెర్నల్. ఆ లేచినవాళ్ళకు తాము నిద్రపోయామనే తెలియదు. ఆపిన మాట దగ్గర్నుంచే మాట్లాడటం మొదలుపెడతారు. మెషిన్లో ఉన్న అందరూ మెషిన్ తమదొక్కరిదేనన్న ధీమాతో బతుకుతుంటారు.

"ఇదంతా ఈ ఒక్క పేజీయేనా?" అంది తల్లి ఆరోజు.

"పేజీ కూడా లేదమ్మా. సగం."

ఆవిడ కాగితం ఒళ్ళో పెట్టుకుని ఆ సగం పేజీని వేలితో కొలిచింది. ఇంత పెద్ద మాయను ఇంత చిన్న చోట, గొంతు పెంచకుండా రాసిపెట్టి వెళ్ళినవాళ్ళెవరో! అక్కడక్కడ తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఒక ముక్క రాశారు, చీకటి మెట్ల దగ్గర దీపం పెట్టినట్టు. వాళ్ళ ముఖాలు తెలియవు. చెయ్యి మాత్రం తెలుస్తోంది.

అప్పుడే గువ్వ అంది, "బ్రాకెట్లు వదిలెయ్యమ్మా. నీ మాటల్లో చెప్పు. నువ్వు చెబితే నాకు కనపడుతోంది." అప్పట్నుంచి, పని జరిగేదాకా మెషిన్ రాతను దాచుకునే చోట్లు తల్లి నోట గూళ్ళయ్యాయి.

కిందటి వారం గువ్వ నిదానం సార్‌కు ఫోన్లో ఖచ్చితంగా చెప్పింది. "నిద్రపుచ్చే చోటా, లేపే చోటా మనదీ పాతదీ ఒకేలా ఉన్నాయి సార్. తప్పు అక్కడ లేదు. ప్రింటరు వైపు చూడండి." వాళ్ళు ప్రింటరు వైపంతా విప్పి చూశారు. ఏమీ దొరకలేదు. తప్పు దారి చూపించిన పిల్ల, పైగా మంచం మీద ఉన్న పిల్ల, దాని మీద తండ్రి ఫోను. ఈ సాయంత్రం సరైన మాట చెప్పలేకపోతే ఆ కుర్చీలో రేపు ఇంకెవరో కూర్చుంటారు.

"అమ్మా, బాత్రూమ్‌కి" అంది గువ్వ.

ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్రూమ్. తల్లి కూతుర్ని తల వంచే ఉంచి, భుజం పట్టుకుని నడిపించింది. రాలిపోయినదేదో వెతుక్కుంటున్నట్టు గువ్వ తన పాదాలనే చూసుకుంటూ నడిచింది.

"ఖాళీ అయితే నన్ను పిలు అమ్మాయ్. అందాకా కాస్త నడుం వాలుస్తాను" అంది బామ్మ తన గదిలోంచి.

"ఖాళీ అయితే చెప్పమను, షాపుకు టైమవుతోంది" అన్నారాయన, తువ్వాలు భుజాన వేసుకుని, గోడతో.

కాసేపటికి తల్లి కూతుర్ని బయటికి తెచ్చింది. "ఖాళీ అయింది!" అని ఇంటందరికీ కలిపి ఒక్క కేక వేసింది. ఇద్దరినీ విడివిడిగా పిలిచే ఓపిక ఆవిడకు లేదు. పైగా ఒకరితో మాటల్లేవు.

ఆయన రెండంగల్లో వెళ్ళి తలుపు వేసుకున్నారు. బామ్మ కర్ర పొడుచుకుంటూ, గోడ పట్టుకుంటూ అక్కడికి చేరేసరికి లోపల నీళ్ళ చప్పుడవుతోంది.

"ఇదేం మర్యాదర్రా! ఖాళీ అన్నారని పడుకున్నదాన్ని లేచి వస్తే తలుపు ముఖాన వేశాడు!"

"ఇద్దరికీ ఒకేసారి చెప్పాను అత్తయ్యా. ఆయన ముందెళ్ళారు."

"సరే, నన్ను మళ్ళీ పిలు. మళ్ళీ పడుకుంటాను. మళ్ళీ లేస్తాను. నా బతుకంతా ఇదే పనైంది."

మంచం మీదికి చేరిన గువ్వ భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

"అచ్చం కెర్నల్ లాగే చేశావమ్మా. లేపేటప్పుడు ఒక్కర్నే లేపదు. దానికోసం ఎదురుచూస్తూ నిద్రపోతున్న అందర్నీ లేపేస్తుంది. ఎవరు ముందొస్తే వాళ్ళది."

"మరి వెనకొచ్చినవాళ్ళు?"

"వెనకొచ్చినవాళ్ళు..." గువ్వ ఆగింది. "లేచినవాళ్ళు గూడు తీసుకుంటారు అనే కదా నువ్వు చదివావు? గూడు ఖాళీ లేకపోతే నిద్రపో, లేచాక తీసుకో. మాదీ అంతే."

"ఇద్దరూ లేచారు కదే. ఒకటే గూడు. ఇద్దరూ ఎలా తీసుకుంటారు?"

గువ్వ వేళ్ళు మంచం అంచున ఒకటి, రెండు లెక్కపెట్టాయి.

"తలుపేసి ఉంటే నేనెక్కడికి పోతాను? వెనక్కే!" బామ్మ గొణుక్కుంటూ గుమ్మం ముందు నుంచి వెళ్ళింది.

తువ్వాలు మడుస్తున్న తల్లి చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"గువ్వా" అంది మెల్లగా. "నేనొక వరస చదవలేదు."

"ఏ వరస?"

"మళ్ళీ పైకి వెళ్ళు అనే వరస."

"ఎందుకు చదవలేదు?"

"నువ్వే వద్దన్నావు."

గువ్వకు గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది. తల్లికి మాత్రం ఆ పూట అంతా కళ్ళముందే ఉంది. చదవడం మొదలుపెట్టిన కొత్త. ఒకచోట, పేజీ మధ్యలో, మళ్ళీ పైకి వెళ్ళమని ఉంది. అది చదివేవాళ్ళకు చెప్పిన మాటే అనుకుని ఆవిడ నిజాయితీగా పైకి వెళ్ళి మళ్ళీ చదివింది. మళ్ళీ అక్కడికే వచ్చింది. మళ్ళీ పైకి వెళ్ళింది. పైనుంచి కూతురు విసుక్కుంది, "రికార్డు అరిగిందా అమ్మా? చదివిందే చదువుతావేంటి? ముందుకెళ్ళు!"

మనసు చివుక్కుమంది. అప్పట్నుంచి ఆ వరస ఎక్కడ కనపడినా కంటితోనే దాటేసి, నోటిదాకా రానివ్వలేదు. చిన్నపిల్లకు గింజలు తీసి పండు పెట్టినట్టు పెట్టింది.

"అమ్మా" అంది గువ్వ. "నిద్ర తర్వాత ఏముంది? గూళ్ళ దగ్గర. అక్కడ కూడా ఆ వరస ఉందా?"

"ఉన్నట్టే అనిపిస్తోంది."

"అనిపిస్తే చాలదు."

"చాలదు. నాకు తెలుసు."

"ఉంటే... అది లేచీ లేవగానే తీసుకోదు. పైకి వెళ్ళి, గూడు నిజంగా ఖాళీగా ఉందా అని మళ్ళీ చూస్తుంది. లేకపోతే మళ్ళీ నిద్రపోతుంది. బామ్మ లాగా." గువ్వ తల ఎత్తబోయి, మళ్ళీ మెత్తలో ఆనించింది. "మావాళ్ళు లేవగానే లోపలికి దూరిపోతున్నారమ్మా. ఇద్దరూ ఒకే గూట్లోకి. అందుకే ఒకరి టికెట్టు మీద ఇంకొకరు. దేవుడా! ఒక్క వరస!"

"ఏడవకు. కంటికి మంచిది కాదు."

"ఏడవట్లేదు. నువ్వు నవ్వించకు, అంతే."

"నేనేం నవ్వించాను?"

"ఇన్ని రోజులు దాన్ని దాటించి చదివి, నువ్వే వద్దన్నావు అని నా మీదికే తోశావు చూడు."

"తొయ్యలేదు. జరిగింది చెప్పాను" అంది తల్లి, తువ్వాలు మడత పూర్తి చేసి పెడుతూ.

షాపులో గోడల నిండా కళ్ళజోళ్ళు ఖాళీ చూపులతో వేలాడుతున్నాయి. కుర్చీలో కూర్చున్న ఒకాయన ముక్కు మీద పరీక్ష ఫ్రేము ఉంది. తండ్రి అందులో ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేస్తున్నారు.

"ఇది బాగుందా, ముందుది బాగుందా?"

"రెండూ ఒకేలా ఉన్నాయండీ."

"తొందరేం లేదు. మళ్ళీ చూడండి. ఇదా? ఇదా?"

భార్య గుమ్మంలో నిలబడటం ఆయన అద్దంలో చూశారు. చూసి, మళ్ళీ అద్దాలు మార్చారు. ఆ మనిషి లేచి వెళ్ళేదాకా ఆవిడ కూర్చోలేదు.

"తాళం ఇవ్వండి."

నిన్నటి తర్వాత ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది.

"గువ్వ దగ్గర ఎవరున్నారు?"

"అత్తయ్య ఉన్నారు. తాళం."

"నీకు అర్థం కావట్లేదు."

"మీరు చెబితే కదా అర్థం కావడానికి? మీరు చెప్పేదంతా గోడకీ, టీ కప్పుకీ."

ఆయన పరీక్ష అద్దాలను ఒక్కొక్కటిగా పెట్టెలో గాడుల్లోకి సర్దారు. చివరిది సర్దాక అన్నారు. "ఏడాదికేడాది దాని పవరు పెరుగుతుంటే నేనే కొలిచాను. అద్దం మందంగా కనపడకూడదని అరగదీయించి, పల్చన చేయించి ఇచ్చాను. చూసినవాళ్ళంతా ఎంత చిన్న అద్దాలో అన్నారు. నేను మురిసిపోయాను. ఇక్కడ లోపల పొర సాగిపోతోంది."

"అద్దం మందంగా ఉంటే పొర ఊడేది కాదా?"

"అది కాదు..."

"డాక్టరు ఏమన్నాడు? ఆ కన్ను తీరే అంత, చదివినా చదవకపోయినా అన్నాడా లేదా?"

"అన్నాడు."

"మీకు నమ్మకం లేకపోతే వెళ్ళి ఆయన్ని మళ్ళీ అడగండి. ఆ కోపం కాగితాల మీదా, దాని ఉద్యోగం మీదా తీర్చుకోకండి."

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ చేతికి ఇవ్వలేదు. ఆవిడ కూడా చెయ్యి చాపలేదు, బల్ల మీద నుంచి తీసుకుంది.

ఆవిడ కట్ట బయటికి తీసి గబగబా పేజీలు తిప్పింది. ఆ వరస అక్కడ లేకపోతే? తన ఊహేనైతే? గూళ్ళ దగ్గరికి వచ్చింది. ఖాళీ ఉందేమో చూడు. లేకపోతే నిద్రపో. ఆ కింద...

ఉంది. నిద్ర కిందనే ఉంది. మళ్ళీ పైకి వెళ్ళు.

ఆవిడ దాని మీద వేలు పెట్టింది. ఎన్నిసార్లు ఈ వరస మీద నుంచి చూపు జారిపోయిందో. అది అలిగి కూర్చోలేదు. తనను చదవలేదని మాయమైపోలేదు. చిన్నగా, కుదురుగా, తన చోట తను ఉంది.

"ఏమిటది?" అన్నారాయన.

ఆవిడ చూపించింది. పొద్దున బాత్రూమ్ సంగతి చెప్పింది. మీరు ముందెళ్ళారు, అత్తయ్య వెనక్కెళ్ళారు, అలా వెళ్ళకపోతే ఏమయ్యేది అంది. ఆయన పెదవుల దగ్గర నవ్వు వచ్చి ఆగిపోయింది. భూతద్దం తెచ్చి ఆ వరస మీద పెట్టారు.

"ఇంతేనా?"

"ఇంతే. మొత్తం కెర్నల్ కూడా ఇంతే, ఈ కట్ట. దీన్ని పట్టుకుని ఒకే మెషిన్ మీద ఎంతోమంది పనిచేసుకునేవాళ్ళట. ఉన్నది ఒకటే, అది ఒక్కొక్కరి దగ్గర కాసేపు ఉండి వెళ్తుంది. ఎవరికి వాళ్ళు అది తమతోనే ఉందనుకుంటారు."

ఆయన భూతద్దం తీయలేదు. దాని మీదికే వంగి అన్నారు. "కన్ను కూడా అంతేనోయ్. ఒకసారికి ఒక్క చుక్కంత చోటే సరిగ్గా చూస్తుంది. అటూ ఇటూ దూకుతూ ఉంటుంది, ఆగదు. మనకేమో ఎదురుగా ఉన్నదంతా ఒకేసారి కనపడుతున్నట్టే ఉంటుంది. నేనిన్నాళ్ళూ అది దేవుడొక్కడికే చేతనవుననుకున్నాను."

అలాంటి మాట ఆయన నోట ఆవిడ ఎప్పుడూ వినలేదు. గోడ మీది కళ్ళజోళ్ళన్నీ వింటున్నట్టుంది.

"అయితే ఆ ఫోన్ సంగతి..." అంది.

ఆయన భూతద్దం బల్ల మీద పెట్టేశారు. "కాగితాలు తీసుకెళ్ళు. నిన్న ఫోన్లో చెప్పిన మాట మాత్రం మార్చను. ఒకసారి చెప్పానంటే చెప్పినట్టే."

సాయంత్రం ఫోన్ మోగినప్పుడు అది మంచం కింద చాప మీద, కాగితాల పక్కన ఉంది. తల్లి స్పీకరు నొక్కింది.

"నిదానంగా చెప్పమ్మా" అన్నాడు నిదానం సార్.

గువ్వ నిదానంగానే చెప్పింది. ముందు తన తప్పు చెప్పింది. నిద్రపుచ్చే చోటా, లేపే చోటా మనదీ పాతదీ ఒకేలా ఉన్నాయన్నది తప్పు సార్ అంది. తర్వాత నిద్ర తర్వాతి వరస చెప్పింది. లేపడం అంటే నీ వంతు వచ్చిందని కాదు, వెళ్ళి చూసుకొమ్మని మాత్రమే అంది. మనవాళ్ళు చూసుకోవట్లేదు అంది.

అవతల కీబోర్డు చప్పుడయింది. తర్వాత అదీ ఆగిపోయింది. ఫోన్ పోయిందేమోనని తల్లి వంగి చూసింది. పోలేదు.

"ఆ చోటు రాసింది నేనేనమ్మా" అన్నాడాయన చివరికి. "పాతదాన్ని పిల్లలందరికీ చదవమని ఇచ్చి, నేను మాత్రం దాన్ని చూడకుండా తొందరపడి రాశాను. నీకెలా కనపడింది?"

"కనపడలేదు సార్. వినపడింది. మా అమ్మ చదువుతోంది."

"అమ్మగారు కంప్యూటర్ చదివారా?"

"లేదండీ" అంది తల్లి ఫోన్ వైపు వంగి. "మాకు ఒకటే బాత్రూమ్."

అవతల ఆయనకు అర్థం కాకపోయినా నవ్వాడు. ఆ నవ్వు పూర్తవకుండానే గొంతు తగ్గింది.

"అమ్మాయ్, ఒక మాట చెప్పాలి. నిన్న మీ నాన్నగారు సీటు ఖాళీ అన్నారు. నేను పొద్దున్నే ఇంకొకతన్ని పిలిచాను. రేపు వచ్చి చేరతానన్నాడు."

తల్లి కళ్ళెత్తి చూసింది. కంతలో కూతురి ముఖం బరువుగా, ఎర్రగా కిందికి వేలాడుతోంది. కంటి మీది కవచం అంచున తడి మెరుస్తోంది. పడుతుందా, పడదా అన్నట్టు ఆగి ఉంది.

గుమ్మంలో అడుగుల చప్పుడయింది. తండ్రి షాపు నుంచి వచ్చి ఎప్పటి నుంచి నిలబడి ఉన్నారో తెలియదు.

"సార్" అంది గువ్వ. "ఖాళీ అన్నారని వెంటనే తీసుకోకూడదు కదా సార్. ఇంకోసారి చూడాలి. మీరు చూళ్ళేదు. ఆ కుర్చీ ఖాళీ కాలేదు."

ఫోన్లో ఊపిరి తీసుకున్న చప్పుడు.

"మీ నాన్నగారు ఉన్నారా అక్కడ?"

"ఉన్నారు."

"ఆయనకివ్వు."

తల్లి ఫోన్ పట్టుకుని చెయ్యి చాపింది. ఆయన గుమ్మం దగ్గరే ఆగారు. కూతురు మెలకువగా ఉండగా ఆ గీత దాటి లోపలికి రావడం ఆయనకు కొత్త. వచ్చారు. ఫోన్ అందుకున్నారు.

"చెప్పండి" అన్నాడు నిదానం సార్. "మీరే ఖాళీ అన్నారు. ఇప్పుడు ఉన్నట్టా, లేనట్టా?"

ఆయన కూతురి వీపు చూశారు, మెడ చూశారు. పైనుంచి అంతకు మించి ఏమీ కనపడదు. భార్య వైపు చూశారు. ఆవిడ చాప మీద పక్కకు జరిగి, కాగితాలు ఒళ్ళోకి తీసుకుని, చోటిచ్చింది.

"ఒక్క నిమిషం ఉండండి" అన్నారాయన ఫోన్లో. "చూసి చెబుతాను."

ఫోన్ గుండెకు ఆనించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన మెల్లగా చాప మీద వెల్లకిలా పడుకున్నారు. కూతురి ముఖం కిందికి చేరి, కళ్ళు పైకెత్తారు.